ప్యానెల్ సా కొనడానికి నాలుగు లక్షలు: వడ్రంగి షెడ్డుకు ఏ అప్పు మేలు?

ప్రశ్న: తెనాలి వడ్రంగి

అందరికీ నమస్కారం. నేను తెనాలిలో అద్దె షెడ్డులో వడ్రంగి పని చేస్తున్నాను. మా మేనమామ గారి దగ్గర పన్నెండేళ్లు ద్వారబంధాలు, తలుపులు, మంచాలు చేస్తూ పని నేర్చుకొని, ఆరేళ్ల క్రితం సొంతంగా మొదలుపెట్టాను. ఇప్పుడు నా దగ్గర ముగ్గురు కుర్రాళ్లు పనిచేస్తున్నారు. రెండేళ్లుగా టేకు పని తగ్గిపోయి, ప్లైవుడ్‌తో చేసే వంటగది అరలు, వార్డ్‌రోబుల పనే ఎక్కువగా వస్తోంది. చేతి మెషిన్‌తో కోస్తే లామినేట్ అంచు పళ్లుపళ్లుగా లేచిపోతుంది. ఇంటివారు అర తలుపు తెరవగానే ముందుగా వేలితో తడిమి చూసేది ఆ అంచునే. అందువల్ల షీట్లను ఆటోలో వేసుకొని, షీట్లను నున్నగా కోసే ప్యానెల్ సా, అంచుకు పట్టీ అతికించే ఎడ్జ్ బ్యాండింగ్ మెషిన్ ఉన్న మరొకరి షెడ్డుకు తీసుకువెళ్లి కోయించుకొని వస్తున్నాను. కోతకు, అంచు అతికించినందుకు, ఆటో కిరాయికి కలిపి నెలకు 15,000 నుంచి 17,000 రూపాయల వరకు బయటివారికే పోతోంది.

ఆ రెండు మెషిన్లు నేనే కొనుక్కుందామని ధర అడిగితే జీఎస్టీతో కలిపి 4,60,000 రూపాయలు చెప్పారు. నా చేతిలో 60,000 ఉన్నాయి. మిగిలిన నాలుగు లక్షల కోసం తిరుగుతున్నాను.

నాకు ఖాతా ఉన్న బ్యాంకుకు రెండుసార్లు వెళ్లి, చిన్న వ్యాపారులకు ఇచ్చే ముద్ర రుణం అడిగాను. ఇంటి దస్తావేజులు తెమ్మన్నారు. మా ఇల్లు మా నాన్నగారి పేరున ఉంది, మేము ముగ్గురం అన్నదమ్ములం, ఇంకా పంపకాలు కాలేదు. ఆ మాట చెప్పగానే సంభాషణ అక్కడితో ముగిసింది. ఈ సంగతి ఎవరు చెప్పారో ఏమో, ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు నేరుగా షెడ్డుకే వచ్చి, రెండు రోజుల్లో డబ్బు ఇప్పిస్తానని, 'రూపాయి వడ్డీయే' అని, నెలకు 15,111 చొప్పున 36 నెలలు కడితే సరిపోతుందని చెప్పాడు. ఇవి కాక నాకు రిజిస్టరైన ఒక చిట్ కంపెనీలో ఐదు లక్షల చీటీ ఉంది. 25 నెలలకు నెలకు 20,000 చొప్పున, ఇప్పటికి ఎనిమిది నెలలు కట్టాను, పాడుకోలేదు. నా భార్య తన ఆరు కాసుల గొలుసు తాకట్టు పెట్టమంటోంది గానీ నాకు మనసు ఒప్పడం లేదు. చేతివృత్తులవారి కోసం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో ఐదు శాతం వడ్డీకే ఇస్తారని కూడా కొందరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు ఏది మేలో చెప్పగలరని ప్రార్థన.

జవాబు 1: విశ్రాంత ఫీల్డ్ ఆఫీసరు

ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసి, అందులో ఎక్కువ కాలం చిన్న వ్యాపారుల రుణాల దరఖాస్తులే చూసినవాడిని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ రూపాయి వడ్డీ సంగతి. మన ఊళ్లలో నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటే, మధ్యలో అసలు కొంత తీరిస్తే మిగిలిన అసలు మీదనే వడ్డీ లెక్కకట్టడం అని అందరికీ తెలుసు. ఏజెంటు చెప్పినది అది కాదు. నాలుగు లక్షలకు మూడేళ్లకు ఏడాదికి 12 శాతం చొప్పున 1,44,000 వడ్డీ ముందే కలిపేసి, మొత్తం 5,44,000ను 36తో భాగిస్తే మీకు చెప్పిన 15,111 వస్తుంది. అంటే ముప్పై ఐదో నెలలో మీ అసలు దాదాపు తీరిపోయి ఉన్నా, మీరు నాలుగు లక్షల మీదనే వడ్డీ కడుతుంటారు. తగ్గుతున్న అసలు మీద లెక్కవేస్తే అది ఏడాదికి 21 శాతానికి కొంచెం పైన, మన భాషలో రూపాయి డెబ్బై ఏడు పైసల వడ్డీ. అదే నాలుగు లక్షలు నిజంగా 12 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెల వాయిదా 13,286 రూపాయలు, మొత్తం వడ్డీ 78,000 పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు, బీమా పేరుతో ముందే కోసుకునేది ఉంటే ఆ 21 ఇంకా పైకి పోతుంది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులైనా, ఫైనాన్స్ కంపెనీలైనా చిన్న వ్యాపారులకు ఇచ్చే ఇలాంటి రుణాలకు ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటును చూపించే 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అనే పత్రాన్ని సంతకానికి ముందే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఏజెంటును ఆ కాగితం అడగండి. ఇవ్వడానికి తటపటాయిస్తే మీకు జవాబు దొరికినట్టే.

ఇక దస్తావేజుల మాట. సూక్ష్మ, చిన్న సంస్థలకు పది లక్షల లోపు రుణాలకు ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు 2010 నుంచే చెబుతోంది. ముద్ర రుణాలకైతే కేంద్రం ఏర్పాటు చేసిన గ్యారంటీ నిధి అండ కూడా ఉంది. మీరు కొనే మెషిన్లు మాత్రం హైపోథికేషన్ కింద, అంటే మీ దగ్గరే ఉంటూ అప్పు తీరేవరకు, బ్యాంకుకు కట్టుబడి ఉంటాయి, అది వేరే విషయం. అయితే మేనేజరును నిబంధనతో బెదిరిస్తే పని జరగదని నా అనుభవంతో చెబుతున్నాను. దస్తావేజులు తెమ్మనడం చాలాసార్లు 'మీ వ్యాపారం నాకు కనబడటం లేదు' అనడానికి మర్యాదపూర్వకమైన మారుమాట. మీరు చేసిన పనుల డబ్బు ఎక్కడికి వెళుతోందో చూసుకోండి. సగం నగదు, మిగిలినది మీ ఫోనుకో మీ ఇంటావిడ ఫోనుకో వస్తూ ఉంటే, పాసుపుస్తకం చూసిన అధికారికి మీరు నెలకు ఐదారు వేల రూపాయల లావాదేవీలు చేసే మనిషిగానే కనబడతారు. వ్యాపారం పేరున కరెంటు ఖాతా తెరిచి, అడ్వాన్సులు, బిల్లులు అన్నీ అందులో పడేటట్టు చూసుకోండి. ఆరు నెలల స్టేట్‌మెంట్ చెప్పే మాట ఏ సిఫారసూ చెప్పలేదు.

ముద్ర గురించి ఒక అపోహ ఉంది. 2015 ఏప్రిల్‌లో మొదలైన ఈ పథకంలో డబ్బు ఇచ్చేది బ్యాంకే, ప్రభుత్వం కాదు. ఇందులో సబ్సిడీ లేదు. 50,000 వరకు శిశు, ఐదు లక్షల వరకు కిశోర్, పది లక్షల వరకు తరుణ్ అంటారు. తరుణ్ తీసుకొని సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు ఇచ్చే మరో తరగతిని 2024లో చేర్చారు. మీది కిశోర్. ముద్ర మంజూరైందని, ఫీజు కట్టమని ఫోను వస్తే అది మోసం, పెట్టేయండి.

దరఖాస్తులో రెండు మెషిన్ల కొటేషను, ఉద్యమ్ రిజిస్ట్రేషను (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు), షెడ్డు అద్దె ఒప్పందం, స్టేట్‌మెంట్లతో పాటు మీరు ఇక్కడ రాసిన ఒక్క వాక్యాన్ని తప్పకుండా పెట్టండి: నెలకు 15,000కు పైగా బయటి కోతకు పోతోందన్న వాక్యాన్ని. ఆ కోత రసీదులు ఉంటే జతచేయండి. ఐదేళ్లకు 12 శాతం చొప్పున నాలుగు లక్షలకు వాయిదా 8,900 లోపే వస్తుంది, మూడేళ్లకైనా 13,286. బయట ఖర్చు పెడుతున్న డబ్బుతోనే వాయిదా తీరుతుందని కాగితం మీద చూపించగలిగిన దరఖాస్తులు నాకు ఏడాదికి నాలుగైదుకు మించి వచ్చేవి కావు. 25 లక్షల లోపు చిన్న సంస్థల దరఖాస్తుల మీద 14 పనిదినాల్లో నిర్ణయం చెప్పాలి కాబట్టి, నోటిమాటగా అడగకుండా దరఖాస్తును రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, లేదా ప్రభుత్వ పథకాల రుణాలకు దరఖాస్తులు తీసుకునే జనసమర్థ్ పోర్టల్‌లో పెట్టండి.

విశ్వకర్మ మంచి పథకమే. వడ్రంగం అందులోని 18 వృత్తుల్లో ఒకటి. శిక్షణ, 15,000 రూపాయల పనిముట్ల వోచరు ఇస్తారు. అయితే ఐదు శాతం వడ్డీకి మొదటి విడతగా ఇచ్చేది లక్ష మాత్రమే, దానిని 18 నెలల్లో తీర్చాలి. ఆ తరువాతే రెండు లక్షలు. చేతితో, పనిముట్లతో చేసే పనివారి కోసం పెట్టినది కాబట్టి మీ రెండు మెషిన్లకు ఒకేసారి సరిపోదు. పైగా ముద్ర తీసుకుంటే అది పూర్తిగా తీరేవరకు విశ్వకర్మ రుణానికి అర్హత ఉండదు. కాబట్టి రెంటిలో ఏదో ముందే తేల్చుకోవాలి. స్వయం ఉపాధి కోసం కేంద్రం పెట్టిన పీఎంఈజీపీ పథకంలో సబ్సిడీ ఉన్నా మొదటి రుణం కొత్తగా పెట్టే యూనిట్లకే. ఆరేళ్లుగా నడుస్తున్న మీ షెడ్డుకు రాదు.

చీటీ పాడటం గురించి నాకు సదభిప్రాయం లేదు. అది పొదుపుగానే ఉండనివ్వండి.

జవాబు 2: ఖమ్మం ఇంటీరియర్స్

పెద్దలు ఆఫీసరు గారు చెప్పినవాటిలో చివరి మాట తప్ప మిగిలినవన్నీ నాకు సమ్మతమే. నేను మాడ్యులర్ కిచెన్ల కాంట్రాక్టులు చేస్తాను, నా షెడ్డులోని మొదటి ప్యానెల్ సా చీటీ డబ్బుతోనే కొన్నాను. అందువల్ల చీటీని లెక్కవేయకుండా కొట్టివేయడం న్యాయం కాదనిపించి రాస్తున్నాను.

అన్నా, మీ చీటీలో కంపెనీ కమీషన్ ఐదు శాతం అనుకుంటే, చివరి నెల దాకా ఆగితే మీ చేతికి 4,75,000 వస్తుంది. ఇప్పుడు లక్ష తగ్గించి పాడితే నాలుగు లక్షలు వస్తాయి. ఎప్పుడు పాడినా మిగిలిన 17 నెలల వాయిదాలు కట్టక తప్పదు కాబట్టి, పదిహేడు నెలలు ముందుగా తీసుకున్నందుకు మీరు వదులుకునేది 75,000. నాలుగు లక్షల మీద అది నెలకు నూటికి రూపాయి పది పైసలు పడుతుంది, అంటే ఆ ఏజెంటు అప్పుకంటే చాలా నయం, బ్యాంకు వడ్డీకి కొంచెమే పైన. కానీ పోటీ ఎక్కువై పాట లక్షన్నరకు పోతే చేతికి వచ్చేది మూడున్నర లక్షలే, వదులుకునేది 1,25,000. వడ్డీ రెండు రూపాయల పది పైసలకు చేరుతుంది. కాబట్టి పాటకు వెళ్లే ముందే 'లక్షా పదివేలు దాటితే నేను లేను' అని ఒక కాగితం ముక్క మీద రాసుకొని జేబులో పెట్టుకోండి. పెళ్లిళ్ల కాలంలోనూ, బడి ఫీజుల నెలలోనూ పాట పెరుగుతుంది. మిగిలిన నెలల్లో నేను చాలా తక్కువకు ఎత్తుకున్నవారిని చూశాను. పాడిన తరువాత డబ్బు చేతికి రావాలంటే జామీను చూపించాలి, ఉద్యోగస్థులైన జామీనుదారులను అడుగుతారు. ఆ మనుషులను ముందే మాట్లాడిపెట్టుకోకపోతే పాట గెలిచి కూడా నెలన్నర తిరగవలసి వస్తుంది. నేను తిరిగాను.

మీరు రాయని అప్పు ఒకటి ఉంది. ప్లైవుడ్ ఎక్కడ కొంటున్నారు, నగదుకా, ఖాతాకా? మా దగ్గర 18 ఎంఎం వాటర్‌ప్రూఫ్ షీటు నగదుకు చదరపు అడుగు 95కు ఇచ్చే దుకాణంలోనే నెల రోజుల ఉద్దెరకైతే 100 వేసేవారు. అడుగుకు ఐదు రూపాయలే కదా అని నేనూ నాలుగేళ్లు కట్టాను. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు షీటుకు 32 అడుగులు, అంటే 3,040 రూపాయల సరుకుకు నెలకు 160 వడ్డీ. నూటికి ఐదు రూపాయల పావలా! నెలకు 60 షీట్లు వాడే మనిషి ఆ లెక్కన 9,600 కడుతున్నాడు, ఆ డబ్బు ఏ పుస్తకంలోనూ వడ్డీగా కనబడదు. కాబట్టి బ్యాంకును ఒక్క మెషిన్లకే అడగవద్దు. మెషిన్లకు వాయిదాల్లో తీర్చే టర్మ్ లోను మూడున్నర లక్షలు, సరుకుకు అవసరమైనప్పుడు వాడుకొని తిరిగి కట్టే క్యాష్ క్రెడిట్ లేదా ఓవర్‌డ్రాఫ్టు ఒకటిన్నర లక్ష, మొత్తం ఐదు లక్షలు కిశోర్ పరిధిలోనే అడగండి. మెషిన్లకు తక్కువపడే యాభై వేలను విడిగా చూసుకోవచ్చు. ఓవర్‌డ్రాఫ్టులో వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది.

మా చెల్లెమ్మ గొలుసు గురించి కూడా చెబుతాను. బంగారం మీద అప్పు చెడ్డది కాదు, అది ఏ పనికి అన్నదే ప్రశ్న. వచ్చే నెలలో బిల్లు వస్తుందని ఖాయంగా తెలిసిన పనికి షీట్లు కొనడానికైతే బంగారం సరైనది, నలభై రోజుల్లో విడిపించుకోవచ్చు. ఐదేళ్లు పనిచేసే మెషిన్‌ను ఏడాదిలో తీర్చవలసిన తాకట్టుతో కొంటే, ఏడాది చివర వడ్డీ కట్టి తిరగరాయించడమే మిగులుతుంది. మీకు తక్కువపడే ఆ యాభై వేలకైతే గొలుసు పెట్టవచ్చు, అది కూడా చెల్లెమ్మ మళ్లీ తానే ముందుకు వస్తేనే.

రోజువారీ ఫైనాన్స్ వారు వస్తే మాత్రం గేటు దగ్గరే పంపించేయండి. పది వేలు అని చెప్పి ఎనిమిదిన్నర వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. పదిహేను శాతమే పట్టుకున్నారు అనిపిస్తుంది గానీ, రోజూ అసలు తగ్గుతూ ఉంటుంది కాబట్టి అది నూటికి నెలకు పది రూపాయల వడ్డీ.

ఇంకొకటి. ఈ మెషిన్ల మోటార్లకు కావలసిన త్రీ ఫేజ్ కరెంటు మీ షెడ్డుకు ఉందా? నేను మెషిన్ దింపుకొని, టార్పాలిన్ కప్పి, ఇరవై మూడు రోజులు కరెంటు కోసం చూస్తూ కూర్చున్నాను. మొదటి వాయిదా మాత్రం టైముకే వచ్చింది.

జవాబు 3: పన్ను లెక్కలవాడు

నేను రిటర్నులు దాఖలు చేసే వృత్తిలో ఉన్నాను. క్లుప్తంగా మూడు విషయాలు.

పన్ను పడనివారు రిటర్ను వేయనక్కరలేదని చాలామంది ఊరుకుంటారు, అప్పు అవసరమైన రోజున రెండేళ్ల రిటర్నులు కావాలని పరుగెత్తుకొస్తారు. ఆదాయపన్ను చట్టంలో చిన్న వ్యాపారులు ఖాతా పుస్తకాలు రాయకుండా, అమ్మకాల్లో నగదు భాగానికి 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం లాభంగా చూపించే వెసులుబాటు ఉంది. అవి కనీస శాతాలు. నిజంగా 20 శాతం మిగులుతున్నా ఆరు శాతమే చూపిస్తే, ఏడాదికి 18 లక్షల పని చేసేవారికి కాగితం మీద ఆదాయం లక్షా ఎనిమిది వేలు అవుతుంది. నెలకు 9,000 సంపాదించే మనిషికి 8,900 వాయిదా ఎలా ఇస్తారు? ఉన్నది ఉన్నట్టు చూపించండి. ఆదాయపన్ను కొత్త విధానంలో 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి మీ స్థాయిలో అదనంగా పన్ను పడే అవకాశం తక్కువ.

రెండవది, 4,60,000లో 18 శాతం జీఎస్టీ అంటే దాదాపు 70,000 పన్నే. మీరు రెగ్యులర్ పద్ధతిలో జీఎస్టీ నమోదై ఉంటే ఆ మొత్తాన్ని మీరు కట్టవలసిన పన్నులో తగ్గించుకోవచ్చు. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారికి, నమోదు లేనివారికి అది రాదు. కేవలం దీనికోసం నమోదు చేసుకోమని చెప్పను, క్రమం తప్పకుండా రిటర్నులు వేసే బాధ్యత కూడా వస్తుంది. బిల్డర్లకు చేసే పని ఎంత ఉందో చూసుకొని నిర్ణయించుకోండి.

మూడవది, బిల్డర్ల దగ్గర మీకు బకాయిలు ఉంటే అవీ మీరు ఇచ్చిన అప్పులే. ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. దీనికోసం కేంద్రం పెట్టిన పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, కానీ పని మొదలుకాకముందే నమోదు ఉండాలి. ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం, ఆధార్‌తో అరగంటలో అయిపోతుంది. దానికి డబ్బు అడిగేవారి వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారి స్పందన: తెనాలి వడ్రంగి

ముగ్గురికీ కృతజ్ఞతలు. రాత్రి కూర్చొని నేనూ నా భార్యా లెక్కలు వేసుకున్నాము. ప్లైవుడ్ దుకాణం బిల్లులు తీసి చూస్తే మా దగ్గర తేడా అడుగుకు నాలుగు రూపాయలుగా తేలింది. నెలకు 45 షీట్ల మీద 5,760 పోతోంది. ఆరేళ్లలో ఎన్నడూ దానిని వడ్డీ అనుకోలేదు. బిల్డర్ ఒకరి దగ్గర 85,000 ఎనిమిది నెలలుగా ఆగిపోయి ఉంది, అప్పుడు నాకు ఉద్యమ్ నమోదు లేదు కాబట్టి ఆ పనికి చట్టం అండ దొరకదని అర్థమైంది. నమోదు నిన్ననే చేసుకున్నాను, ఆ బిల్డరుకు ఇకమీదట పని ఒప్పందం రాసుకున్నాకే మొదలుపెడతానని చెప్పాను.

ఏజెంటుకు ఫోను చేసి ఆ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడిగితే, 'అదంతా సంతకాలప్పుడు ఇస్తాం సార్' అన్నాడు. వద్దని చెప్పేశాను.

విశ్వకర్మ ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఖమ్మం అన్నగారు చెప్పినట్టు కిశోర్ కింద ఐదు లక్షలు అడగాలని నిర్ణయించుకున్నాను. కరెంటు ఖాతా వచ్చే సోమవారం తెరుస్తున్నాను. స్టేట్‌మెంట్ ఆరు నెలలు నిండేవరకు బయటి కోత తప్పదు. ఈలోగా ఏ నెలలోనైనా చీటీ లక్షా పదివేల లోపు వస్తే, బ్యాంకు కోసం ఆగకుండా మెషిన్లు ఆ డబ్బుతోనే కొని, బ్యాంకులో సరుకుకు మాత్రం ఓవర్‌డ్రాఫ్టు అడుగుతాను. జామీనుకు మా బావగారు, ఆయన బడిలో పనిచేసే మరో మాస్టారు ఒప్పుకున్నారు.

షెడ్డుకు ఉన్నది సింగిల్ ఫేజే. మీటరు యజమాని పేరున ఉంది, అద్దె ఒప్పందం పదకొండు నెలలదే. ఐదేళ్ల రుణానికి పదకొండు నెలల కాగితం చూపించి ఏమి లాభమని, ఆయనను మూడేళ్లకు రిజిస్టరు చేసి ఇవ్వమని అడిగాను. అద్దె 500 పెంచుతానంటే ఒప్పుకున్నారు, త్రీ ఫేజ్ దరఖాస్తు మీద సంతకం కూడా అప్పుడే పెడతారట. మెషిన్ల దుకాణం వారితో మాట్లాడి, ఒక్కొక్క మోటారు ఎన్ని హార్స్‌పవర్లో కొటేషను మీదనే రాయించి పంపమన్నాను. లైన్‌మన్ ముందుగా అడిగింది అదే.